మూలం ఆగిన చోట నకలూ ఆగాలి

మా లంకపేటలో నకళ్ల ధ్రువీకరణ శాఖ అనే ఆఫీసు ఒకటుంది. ఒకప్పుడు దాని గుమ్మం ముందు పొద్దున్నే జనం బారులు తీరేవారట. మార్కుల జాబితా గానీ, కుల ధ్రువపత్రం గానీ, ఏది జిరాక్సు తీయించినా అది అసలు దానిలాగే ఉందని ఒక అధికారి ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టాలి. జిరాక్సు మిషను అబద్ధమాడుతుందేమోనని అప్పటివాళ్లకి అనుమానం. తర్వాత పైవాళ్లకి ఉన్నట్టుండి జనం మీద నమ్మకం పుట్టింది. ఎవరి నకళ్ల మీద వాళ్లే సంతకం పెట్టుకోవచ్చన్నారు. శాఖ మిగిలింది, సిబ్బంది మిగిలారు, బీరువా నిండా ఆకుపచ్చ సిరా సీసాలు మిగిలాయి. పని ఒక్కటే మిగల్లేదు.

పని లేని ఆఫీసంత ప్రమాదకరమైంది ఇంకోటి లేదు. కొన్నాళ్లు వాళ్లలో వాళ్లే ఒకరి కాగితాలు ఒకరు ధ్రువీకరించుకుని కాలక్షేపం చేశారు. అంతలో ఊరికి కొత్త సరదా పట్టుకుంది. బీరువాల్లో మూలుగుతున్న పాత పెళ్లి సీడీలు, ఓణీల ఫంక్షన్ సీడీలు, బారసాల సీడీలు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించుకుని, ఇంట్లో టీవీలో ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవడం. దీన్ని జనం ‘ఇంటి లైబ్రరీ’ అన్నారు. శాఖవాళ్లకి మాత్రం ఆ మాటల్లో ఇంకోటి వినిపించింది. అసలు ఉంది, దానికి నకలు ఉంది. మధ్యలో సంతకం లేదు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ‘ధ్రువీకరణ లేని గృహ నకలును ఎవరునూ, స్వగృహమునందైననూ, స్వంత నానమ్మకైననూ ప్రదర్శింపరాదు.’ ఆ నానమ్మ మాట ఉత్తర్వులో ఉందో లేదో నాకు తెలీదు. మా ఇంటికొచ్చిన తనిఖీ అధికారి మాత్రం అలాగే చదివి వినిపించాడు.

మా నానమ్మ పేరు పేరిందేవి. మా ఇంటి లైబ్రరీ మొదలైందే ఆవిడ కోసం. నేను కంప్యూటర్లు చదువుకుని, ఇంట్లో కూర్చునే ఒక కంపెనీకి పని చేస్తున్నాను కాబట్టి, ఇంట్లో కరెంటుతో నడిచేవి ఏవి పాడైనా నా శాఖ కిందికే వస్తాయి. మిక్సీతో సహా. మా బాబాయి పెళ్లి సీడీ కూడా అలాగే వచ్చింది.

ఆ సీడీకి పెద్ద చరిత్రే ఉంది. మా తాతయ్య సత్తిరాజుగారు పోయి పదేళ్లు దాటింది. ఆయన గొంతు ఎక్కడా రికార్డు లేదు, ఆ పెళ్లి వీడియోలో తప్ప. అందులోనూ ఒకే ఒక్క చోట. విందు పంక్తిలో తాతయ్య, నానమ్మ పక్కపక్కన కూర్చుని ఉంటారు. కెమెరా మెల్లగా వాళ్ల దగ్గరికొస్తుంది. తాతయ్య నానమ్మ వైపు వంగుతారు. నోరు తెరుస్తారు. అక్కడ సీడీ ఆగిపోతుంది.

సీడీ ఇంటికొచ్చిన రోజునుంచీ అక్కడే ఆగుతోంది. గీత పడింది. తాతయ్య నోరు తెరుచుకుని ఉండగానే మేం పెద్దవాళ్లమైపోయాం. ఆయన ఏమన్నారన్న దాని మీద ఇంట్లో పార్టీలున్నాయి. ‘పప్పులో ఉప్పు తక్కువైంది’ అని అమ్మ పార్టీ. ‘ఆ కెమెరా తీసేయమనవే’ అని నాన్న పార్టీ. పెళ్లికొడుకు మా బాబాయి మాత్రం, ‘కోడలు బంగారంలా ఉందే’ అని ఉంటారంటాడు, పిన్ని పక్కనుంటే. నానమ్మని అడిగితే, “గుర్తులేదు” అంటుంది, చూపు పక్కకి తిప్పి.

ఈమధ్య ఆ సీడీ అంచులు తెల్లబడడం మొదలైంది. ఇంకొన్నాళ్లు పోతే అసలు మొదలే అవదు. అందుకని నేను పాత కంప్యూటర్ల దుకాణాలన్నీ తిరిగి రకరకాల డ్రైవులు తెచ్చాను. ఒకటి చదవలేని చోటు ఇంకోటి చదువుతుంది. గీత ఉన్న చోటునే మళ్లీ మళ్లీ, విసుక్కోకుండా చదివించే ప్రోగ్రాం ఒకటి పెట్టి వదిలేశాను. అది రోజుల తరబడి కిర్రుకిర్రుమని, ఒక ఆదివారం పొద్దున్న మిగతా ముక్క కూడా లాక్కొచ్చింది. సౌండు తీసేసి చూశాను. తాతయ్య నోరు మూశారు. మళ్లీ తెరిచారు. మాట్లాడుతున్నారు!

సౌండు పెట్టలేదు. మొదట వినాల్సింది నేను కాదు.

“నానమ్మా, తాతయ్య మాట దొరికింది,” అని అరిచాను.

నానమ్మ చేతిలో గోరుచిక్కుడుకాయలు చాటలో పడ్డాయి. చాట పక్కకి జరిపింది. తర్వాత, “తలంటి పోసుకుని వస్తానే. ఇలా జిడ్డు మొహంతోనా వినడం,” అంది.

ఆవిడ తలంటి పోసుకుని, పట్టంచు చీర కట్టుకుని, టీవీ ముందు కుర్చీ వేయించుకునేసరికి కాలింగ్ బెల్ మోగింది.

తనిఖీ అధికారి వీరభద్రంగారు. వెనక ఇద్దరు మనుషులు, ఒక గోనెపట్టా, లక్క ముద్ద, కొవ్వొత్తి.

“ఇక్కడ గృహ నకళ్లు తయారవుతున్నాయని సమాచారం అందిందండి,” అన్నాడు.

“తయారవడమేంటండీ, పచ్చళ్లా? మా పెళ్లి సీడీలు మేం కాపీ చేసుకున్నాం.”

“చూశారా, ఒప్పేసుకున్నారు. అంత తొందరగా ఎవరూ ఒప్పుకోరండి. మాకూ కొంచెం వెతకాలనుంటుంది కదా.” కంప్యూటర్ వైపు చూశాడు. “దీనికి ఇంకో కాపీ ఏమైనా ఉందాండి?”

కంప్యూటర్లు చదువుకున్న అమాయకత్వంతో, “బ్యాకప్ ఉందండి,” అన్నాను గర్వంగా.

“నకలుకి నకలా!” వీరభద్రంగారు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “ఒరే, రెండో పట్టా కూడా తీయండ్రా.”

పావుగంటలో నా కంప్యూటర్, బ్యాకప్ డ్రైవూ పార్సిల్ మూటలైపోయాయి. కుట్లు వేసి, ముడి మీద లక్క కరిగించి, ముద్ర కొట్టారు. సీడీని మాత్రం గులాబీ రంగు గుడ్డలో చుట్టి నా చేతికే ఇచ్చి, ఇది మూలం, దీనికి హాని జరిగితే బాధ్యత మీది అన్నారు. నానమ్మ పట్టంచు చీరలో అలాగే కూర్చుని ఉంది.

“బాబూ, ఒక్క నిమిషం. ఆయన ఒక్క మాట అనేస్తారు, అప్పుడు కట్టుకుందురు గాని.”

“తప్పండి మామ్మగారూ. ధ్రువీకరణ అయ్యాక ఆయన ఎన్ని మాటలైనా అనొచ్చు,” అన్నాడు వీరభద్రంగారు, నిజంగానే బాధపడుతూ. “రేపు ఈ మూటలు తీసుకుని, ముద్ర చెదరకుండా ఆఫీసుకి వచ్చేయండి. వచ్చేటప్పుడు టీవీ తేవడం మర్చిపోకండి.”

టీవీ ఎందుకో మర్నాడు తెలిసింది. కంప్యూటర్ ఫైలు మీద సిరా నిలవదు. ఈ సాంకేతిక సమస్య మీద శాఖ ఒక ఉపసంఘాన్ని వేస్తే, ఉపసంఘం బాగా ఆలోచించి, ఫైలు ఎక్కడ కనిపిస్తుందో అక్కడ సంతకం పెట్టాలని తేల్చింది. అంటే టీవీ అద్దం మీద. దాంతో మా ఊరి రోడ్లన్నీ నిమజ్జనానికి వెళ్తున్నట్టుగా తయారయ్యాయి. ఆటోల్లో, రిక్షాల్లో, స్కూటర్ల మీద, టీవీలు ఒళ్లో పెట్టుకుని జనం. సంతకమైన ఇళ్లలో ఇప్పుడు వార్తలు చదివే అమ్మాయి చెంప మీద ఆకుపచ్చ సంతకం ఉంటుంది. వాళ్లు ఆమె చెప్పేదంతా ప్రభుత్వం సరిచూసిందేనని నమ్మడం కూడా మొదలుపెట్టారు.

నేనూ, నానమ్మా, టీవీ, లక్క ముద్ర మూటలూ ఒకే ఆటోలో వెళ్లాం. నానమ్మ మళ్లీ ఆ పట్టంచు చీరే కట్టుకుంది.

ఆఫీసు హాలు చూస్తే కళ్లు తిరిగాయి. ప్రతి బల్ల ముందూ రెండు టీవీలు. ఎడమ దాంట్లో మూలం, కుడి దాంట్లో నకలు. రెండూ ఒకేసారి మొదలవడానికి ఒకాయన మధ్యలో నిలబడి, “కానివ్వండీ!” అని కేక వేస్తే గుమాస్తాలందరూ రెండు చేతుల్తో రెండు రిమోట్లు నొక్కుతున్నారు. హాలంతా జంటజంటగా భజంత్రీలు. ఒక చోట తాళి కడుతున్నారు, పక్క బల్ల మీద అప్పగింతలు, ఆ పక్కన చెవులు కుట్టిస్తుంటే పిల్ల రెండు టీవీల్లోనూ ఒకే శ్రుతిలో ఏడుస్తోంది.

“అలవాటైపోతుందిలే అమ్మా,” అంది గుమాస్తా సుభాషిణిగారు, కళ్లు తెర మీంచి తీయకుండానే. “ఈ ఏడాది ఊళ్లో అందరి పెళ్లిళ్లూ చూసేశాను. ఒక్కదాన్లోనూ ఎవరూ భోజనం చేసి వెళ్లమనలేదు.” కొంగుతో కళ్లు తుడుచుకుంది. “అప్పగింతలు రెండేసిసార్లు చూడాలి కదా. కన్నీటి భత్యం ఇమ్మని యూనియన్ అడుగుతోంది. మగవాళ్లకి సగం ఇస్తామంటున్నారు. అదెక్కడి న్యాయం, ఆ మూలనున్న నరసింహమూర్తిగారు నాకంటే ఎక్కువ ఏడుస్తారు.”

మా వీడియో ముఖ్య ధ్రువీకరణాధికారి యజ్ఞనారాయణగారి దగ్గరికే వెళ్లింది, పెద్ద పెళ్లి కాబట్టి. సన్నగా, పొడుగ్గా, గట్టిగా మాట్లాడితే ఎక్కడ ఉత్తర్వు చిరిగిపోతుందో అన్నట్టు మెల్లగా మాట్లాడే మనిషి. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క కామా తేడా ఉన్నా సంతకం పెట్టలేదని పేరు. వాళ్లావిడ చెల్లెలి మార్కుల జాబితా మీద కూడా పెట్టలేదట.

లక్క పగలగొట్టారు. ఎడమ టీవీలో సీడీ, కుడి టీవీలో నా కాపీ. కానివ్వండీ!

స్నాతకం సరిపోయింది. కాశీయాత్ర సరిపోయింది. తలంబ్రాలు గింజ గింజా సరిపోయాయి. ఆయన ప్రతి ఘట్టానికీ తలూపుతూ, “సరి... సరి...” అంటున్నారు. విందు మొదలైంది. నానమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. 

రెండు టీవీల్లోనూ తాతయ్య వంగారు. రెండు నోళ్లూ తెరుచుకున్నాయి. ఎడమ టీవీ ఆగింది.

“ఆపండి!” యజ్ఞనారాయణగారు కుడి టీవీ మీద చెయ్యి అడ్డం పెట్టేశారు. ఆయన గట్టిగా అరవడం సిబ్బంది అదే మొదటిసారి వినడం. ఎవరో ఠక్కున రిమోట్ నొక్కారు. కుడి తాతయ్య కూడా నోరు తెరిచి ఆగిపోయారు.

“ఏమైందండీ?” అన్నాను.

“మూలం ఆగింది. నకలు ఆగలేదు.”

“సీడీ మీద గీత ఉందండి. నేను కష్టపడి ఆ ముక్క తీశాను. ఇంకా బాగుంది కదా.”

“బాగుండుట ధ్రువీకరణ పరిధిలోకి రాదమ్మా. మూలమునందు చెట్టు వంకరగా ఉన్నచో నకలునందునూ వంకరగానే ఉండవలెను. మూలము ఆగిన చోట నకలూ ఆగవలెను. ఇప్పుడు మీ నకలులో మూలమున లేని అదనపు దృశ్యము ఉన్నది. ఇది ఎక్కడి నుండి వచ్చినది?”

“ఆ సీడీలోంచే!”

“సీడీలో కనబడుట లేదుగా.”

“కనబడకపోతే లేనట్టా అండీ?”

“మా శాఖకు అంతేనమ్మా.” చాలా సౌమ్యంగా చెప్పారు. “మార్గం ఒక్కటే. అదనపు దృశ్యమును తొలగించి, సదరు చోట నకలు కూడా ఆగునట్లు తగు గీతను ఏర్పాటు చేసుకుని రండి. వెంటనే సంతకం చేసెదను.”

నాలుగేళ్లు కంప్యూటర్లు చదివాను. ఫైలు మీద గీత గీయడం ఎవరూ నేర్పలేదు.

నానమ్మ లేచి నిలబడింది. “బాబూ, తీసేయడమేంటి? ఆయన ఇప్పుడే నోరు తెరిచారు. మాట్టాడతారు. ఒక్క రవ్వ ముందుకి పోనివ్వండి.”

“అమ్మా, మూలములో వారు మాట్లాడలేదు.”

“ఎందుకు మాట్టాడలేదూ! నేను పక్కనే కూచున్నాను!”

యజ్ఞనారాయణగారి పెన్ను గాల్లో ఆగిపోయింది. “తమరు... పక్కన... ఉన్నారా?”

“మరి ఆ విస్తరి ముందు కూచున్న ఆకుపచ్చ చీరావిడ ఎవరనుకున్నారు బాబూ?”

ఆయన టీవీని చూశారు. నానమ్మని చూశారు. బీరువాలోంచి ఒక లావుపాటి పుస్తకం తెప్పించి, దుమ్ము ఊది, చాలాసేపు పేజీలు తిప్పి, వేలు పెట్టి చదివారు. “మూలము అగ్ని, వరద, చెద ఇత్యాది కారణములచే లోపించినచో, సదరు విషయమును స్వయముగా ఎరిగిన వ్యక్తినే మూలముగా పరిగణింపవచ్చును.” పుస్తకం మూసి, లేచి నిలబడి, మా నానమ్మకి చేతులు జోడించారు. “అమ్మా. ఈ క్షణం నుండి తమరే మూలం.”

హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. రిమోట్లు వదిలేశారేమో, పదిహేను పెళ్లిళ్లు ఎవరూ చూడకుండా జరిగిపోయాయి.

ఇక్కడ నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. తప్పు చేశాను. మూలాలకి ప్రత్యేక నిబంధనలున్నాయి.

మూలం ఎండలో ఉండకూడదు. వీరభద్రంగారు గొడుగు పట్టుకుని పొద్దున్నే మా ఇంటికొచ్చి నానమ్మని ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్లేవాడు. మూలాన్ని చల్లటి పొడి గదిలో ఉంచాలి. ఏసీ గదిలో, సీడీల అరల మధ్య కుర్చీ వేశారు. మూలం మీద నంబరు ఉండాలి. పమిట మీద ఒక స్టిక్కరు అంటించారు. ఒక మూలం మీద ఇంకో మూలం పెట్టకూడదు. ఈ నిబంధన వల్ల ఇబ్బందేం రాలేదు. సాయంత్రం నేను వెళ్లి, ‘మూలము చెక్కుచెదరకుండా ముట్టినది’ అని సంతకం పెట్టి తెచ్చుకోవాలి.

ఒకరోజు సంతకం పెడుతుంటే వీరభద్రంగారు నా మొహంలోకి తేరిపార చూశాడు.

“అమ్మాయిగారూ, మీది మామ్మగారి పోలికేనాండి?”

“అందరూ అలాగే అంటారండి. కళ్లూ ముక్కూ అచ్చం దించేశానని.”

“అచ్చం దించేశారు,” అన్నాడు నెమ్మదిగా. “మరి తమరికి ధ్రువీకరణ ఉందాండి?”

నేను నానమ్మని తీసుకుని ఆటో దాకా పరిగెత్తాను. మూలాన్ని పరిగెత్తించకూడదని వెనకనుంచి కేకలు వినిపిస్తూనే ఉన్నాయి.

నిజం చెప్పాలంటే నానమ్మకి ఆ వారం మహారాణి వైభోగం. గంటగంటకీ ఎవరో ఒకరు తలుపు తోసుకుని వచ్చేవారు. “మామ్మగారూ, ఈ పెళ్లిలో స్థాలీపాకం ముందు చేశారు, తప్పు కదాండీ?” “మామ్మగారూ, ఈ పెళ్లికొడుకు మొహం చూసి చెప్పండి, ఇష్టపడే చేసుకుంటున్నాడంటారా?” నానమ్మ తీర్పులిచ్చేది. సుభాషిణిగారు దిబ్బరొట్టె తెచ్చేది. నరసింహమూర్తిగారు ఆవిడ పక్కన కూర్చుని ఏడ్చుకునేవారు.

అసలు పని మాత్రం జరగలేదు. రోజూ మధ్యాహ్నం యజ్ఞనారాయణగారు ఎదురుగా కూర్చుని అడిగేవారు.

“అమ్మా, సదరు విందునందు సత్తిరాజుగారు తమరితో పలికిన వాక్యమేది?”

“గుర్తులేదు బాబూ.”

మొదటిరోజు ఆయన ఆశ్చర్యపోయి గుమాస్తా వైపు తిరిగారు. “మూలము ఇక్కడనూ ఆగినది. అదే చోట. రాసుకోండి.”

ఆగిన మూలాన్ని శుభ్రం చేయాలని నిబంధన. మెత్తటి గుడ్డతో, మధ్యనుంచి అంచులకి, గుండ్రంగా రుద్దకుండా. అటెండరు వచ్చి నానమ్మ కళ్లజోడు తుడిచాడు. ఫలితం లేదు. కాఫీ పోశారు. ఫలితం లేదు. మళ్లీ మొదటినుంచి నడిపించాలని, స్నాతకం దగ్గర్నుంచి పెళ్లంతా చెప్పమన్నారు. నానమ్మ ఎవరెవరు ఏ చీర కట్టుకున్నారో, ఎవరి పిల్ల ఎవరి ఒళ్లో తడిపిందో కూడా చెప్పింది. విందు దగ్గరికొచ్చి, తాతయ్య వంగారు అని చెప్పి, ఆగిపోయింది.

ఆటోలో అడిగాను. “నిజంగా గుర్తులేదా నానమ్మా?”

“లిఖితా, గుర్తున్నవన్నీ చెప్పేస్తే ఇంక నా దగ్గరేం మిగులుతుందే?” బయటికి చూస్తూ అంది. “మాట గుర్తుంటుందే. గొంతు గుర్తుండదు. ఎంత తలుచుకున్నా ఈమధ్య నా గొంతులోనే వినిపిస్తోంది ఆ మాట. నాకు ఆయన గొంతు కావాలి.”

ఆ మాటతో నాకు నవ్వులాట పోయింది.

మర్నాడు యజ్ఞనారాయణగారు కుర్చీ చివర కూర్చుని, చూపు బల్ల మీదే పెట్టి చెప్పారు. “అమ్మా, మూలమును ఇంతకుమించి ఉంచుకొనుటకు నిబంధనలు ఒప్పవు. ఇవాళ సాయంత్రంలోగా మూలము పలకనిచో, మూలములో సదరు వాక్యము లేదని నిర్ధారించి, నకలులోని అదనపు దృశ్యమును చెరిపివేయవలసి ఉన్నది. బ్యాకప్ కూడా.”

నానమ్మ నా వైపు చూసింది. చెరిపేస్తే మళ్లీ తీయగలవా అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. ఈ వారంలో ఆ సీడీ ఇంకా తెల్లబడింది. నిన్న ఎడమ టీవీలో అసలు తిరగనే లేదు.

నానమ్మ పమిట సర్దుకుంది. స్టిక్కరు ఊడి కింద పడింది. ఎవరూ తీయలేదు.

“సరే బాబూ. రాసుకోండి. చెప్తాను.”

కబురు హాలంతా పాకింది. భజంత్రీలన్నీ ఆగిపోయాయి. గుమాస్తాలు గుమ్మంలో గుంపుగా నిలబడ్డారు. వీరభద్రంగారు గొడుగు మూసి చంకలో పెట్టుకున్నాడు.

“ఆయన నా వైపు వంగి,” అంది నానమ్మ, “‘పేరిందేవీ, ఇంతమందిలో నీ అంత చక్కని మనిషి లేదే’ అన్నారు.”

హాలు హాలంతా ‘అబ్బా’ అంది. సుభాషిణిగారి కన్నీటి భత్యం ఆ ఒక్క వాక్యంతో నెలకి సరిపడా పెరిగిపోయింది. నరసింహమూర్తిగారు గోడవైపు తిరిగిపోయారు.

ఇప్పుడు పోల్చి చూడడం. పోలిక పూర్తయ్యేదాకా నకలు మూలం చెవిన పడకూడదు. నానమ్మ కుర్చీని గోడవైపు తిప్పారు. ఇయర్‌ఫోన్లు తెచ్చారు. ఒకటి యజ్ఞనారాయణగారి చెవిలో, సాంకేతిక సహాయకురాలిగా ఇంకోటి నా చెవిలో.

తాతయ్య వంగారు. నోరు తెరిచారు. ఆగలేదు. మాట్లాడారు.

ఆ మాట మీకు ఇప్పుడే చెప్పను. నానమ్మ కంటే ముందు మీరు వినడం పద్ధతి కాదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. నానమ్మ చెప్పిన వాక్యానికీ, దానికీ ఒక్క అక్షరం కూడా కలవలేదు.

యజ్ఞనారాయణగారి మొహంలో ఏమీ కదల్లేదు. “మరొకసారి,” అన్నారు. విన్నాం. “మరొకసారి.” విన్నాం. ఇయర్‌ఫోన్ తీసి, దాని తీగని చాలా శ్రద్ధగా చుట్టి, బల్ల మీద పెట్టారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మధ్యనుంచి అంచులకి.

“అమ్మా, తమరు పలికిన వాక్యమునకు కట్టుబడి ఉన్నారా?”

గోడవైపు తిరిగి ఉన్న నానమ్మ తల ఎత్తింది. “ఉన్నాను బాబూ.”

ఒక్క కామాకి మరదలి మార్కుల జాబితా మీద సంతకం ఆపిన మనిషి.  ఆయన కిటికీలోంచి బయటికి చూశారు, నానమ్మ వీపు వైపు చూశారు, తర్వాత ఆకుపచ్చ పెన్ను మూత తీశారు.

“మూలమునకును నకలుకును,” అన్నారు, ప్రతి ముక్కనీ తూచి వదులుతున్నట్టు, “అక్షరం పొల్లుపోకుండా సరిపోయినది.”

చప్పట్లతో కిటికీ అద్దాలు అదిరాయి. ఎప్పుడూ టీవీ మీద కుడిచేతి వైపు పైమూలలో పెట్టే సంతకం, ఎందుకో కిందికి వంగి, ఆగి ఉన్న బొమ్మలోకి బాగా చూసి, ఎడమవైపు కింద పెట్టారు. మామూలు కంటే చాలా పెద్దగా. టీవీ ఎత్తుకుంటుంటే దగ్గరికొచ్చి నాకు మాత్రమే వినబడేలా అన్నారు, “ఇంటిలో ప్రదర్శించునప్పుడు... మీ నాన్నగారు, బాబాయిగారు లేని సమయము శ్రేయస్కరం.”

అందుకే నాన్న ఆఫీసుకి, అమ్మ రైతుబజారుకి వెళ్లాక పెట్టాను. నానమ్మ మళ్లీ తలంటి పోసుకుంది. కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కుంది. సౌండు మొత్తం పెంచాను.

తాతయ్య వంగారు. నోరు తెరిచారు.

“ఒసేయ్, ఎవరూ చూట్టం లేదు. ఆ బూరెలు రెండు చెంగున కట్టెయ్. పొద్దున్న కాఫీలోకి ఉంటాయి. వెధవలకి చెప్పకు, మళ్లీ షుగరూ షుగరూ అని చంపేస్తారు.”

తెర మీద ఆకుపచ్చ చీర నానమ్మ మొహం మారలేదు. సూటిగా కెమెరాలోకే చూస్తోంది, ఏమీ ఎరగనట్టు. చెయ్యి మాత్రం మెల్లగా విస్తరి వైపు వెళ్లింది. ఆ తర్వాత ఏం చేసిందో కనిపించలేదు. సరిగ్గా అక్కడ ముఖ్య ధ్రువీకరణాధికారి సంతకం అడ్డంగా ఉంది.

నానమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా, కళ్లనీళ్లు వచ్చేదాకా. “అదే గొంతు,” అంది. “చూశావా, ఆ ‘ఒసేయ్’ చూశావా? మళ్లీ పెట్టు.”

మళ్లీ పెట్టాను. మళ్లీ, మళ్లీ.

“మర్నాడు మీ తాతయ్యకి షుగరు పెరిగితే మీ నాన్నా, బాబాయీ కలిసి వెళ్లి డాక్టరుతో దెబ్బలాడేరే. నీ మందులు పనిచెయ్యట్లేదని. పాపం, ఆయన మందులు మార్చేడు. అప్పుడు చెప్తే ఇద్దరూ నన్ను బతకనిచ్చేవారా? పైగా రెండు అన్నారు గానీ, నేను నాలుగు కట్టేను.”

“అది సరే గానీ నానమ్మా, ఆఫీసులో అలా అల్లేశావేం? ఆయన పాపం ముప్పై ఏళ్ల సర్వీసులో మొదటి అబద్ధం నీ కోసం రాశారు.”

నానమ్మ కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది. కొంచెం కోపంగా కూడా చూసిందేమో.

“అల్లడమేంటే? ఆ మాటా అన్నారు. మర్నాడు పొద్దున్న. నాలుగో బూరె తిన్నాక. వీడియో అబ్బాయి అప్పటికే అన్నీ సర్దుకుని వెళ్లిపోయేడు.”